క్యూర్ ‘ద హెడ్ ఆన్ ద డోర్’ (1985): పాప్‌కి అమ్ముడుపోయారా, లేదా?

చిన్నోడు99:
అందరికీ నమస్తే. క్యూర్ బ్యాండ్‌కి నేను కొత్త. ‘సింగ్ స్ట్రీట్’ సినిమాలో ‘ఇన్ బిట్వీన్ డేస్’ విని, ఆ పాటున్న ఆల్బమ్ వెతుక్కుని వింటున్నా. పది పాటలు, ఒక్కటి కూడా దాటెయ్యాలనిపించలేదు. కానీ ఇక్కడ పాత చర్చలు తిరగేస్తే, ఈ ఆల్బమ్ పేరెత్తగానే పెద్దలు చాలామంది మూతి ముడుస్తున్నారు. 1982లో ‘పోర్నోగ్రఫీ’ లాంటి చీకటి ఆల్బమ్ చేసినవాళ్ళు మూడేళ్ళకే ఇలాంటిది చేస్తారా అని. పోస్ట్-పంక్ (పంక్ తర్వాత వచ్చిన రాక్) బ్యాండ్ కాస్త పాప్ వైపు జరిగితే అంత నేరమా? తిట్టకుండా చెప్పండి.

రేగడి_రాక్:
తమ్ముడూ, అడిగావు కాబట్టి చెప్తున్నా, ఓపిగ్గా విను. 1980లో ‘సెవెంటీన్ సెకండ్స్’, 81లో ‘ఫెయిత్’, 82లో ‘పోర్నోగ్రఫీ’. ఏడాదికొకటి. ఒకదాన్ని మించి ఒకటి చీకటి. ‘పోర్నోగ్రఫీ’ నాటికి మిగిలింది ముగ్గురే: రాబర్ట్ స్మిత్ (గొంతు, గిటార్), సైమన్ గాలప్ (బేస్), లాల్ టోల్‌హర్స్ట్ (డ్రమ్స్). ఆ డ్రమ్ములు విన్నావా? పాట మారినా దరువు జాలి చూపించదు. ఇదే ఆఖరు, దీని తర్వాత ఇంకేం లేదు అన్నట్టు చేశారు దాన్ని. ఆ టూర్లోనే స్మిత్, గాలప్ కొట్టుకున్నారు, గాలప్ వెళ్ళిపోయాడు. నిజాయితీకి అంత ఖరీదు కట్టారు.

ఆ తర్వాత ఏమైంది? అదే ఏడాది నవంబర్లో ‘లెట్స్ గో టు బెడ్’. ఫిక్షన్ లేబుల్ నడిపే క్రిస్ ప్యారీ వెనకనుంచి తోశాడు, స్మిత్ కదిలాడు. 83లో ‘ద వాక్’, ‘ద లవ్‌క్యాట్స్’. పిల్లుల పాట! ‘పోర్నోగ్రఫీ’లో ‘వన్ హండ్రెడ్ ఇయర్స్’ పాడిన గొంతు వెళ్ళి పిల్లుల మీద పడింది. 85కల్లా ఆ ధోరణినంతా పోగేసి ఒక ఆల్బమ్ చేశారు. ‘క్లోజ్ టు మీ’లో ఆ బాకాలు విన్నావు కదా? అచ్చం పెళ్ళి ఊరేగింపులో బ్యాండుమేళం. ఇంక నన్నడగడం దేనికి.

బేస్_బాబ్జీ:
రేగడి గారూ, ఆల్బమ్‌లో ‘క్లోజ్ టు మీ’కి బాకాలు లేవండి. విడిగా అమ్మే సింగిల్ కోసం మళ్ళీ మిక్స్ చేసినప్పుడు కలిపారు. ఆల్బమ్‌లో ఉన్నవి చప్పట్లు, బేస్, వేలెడంత కీబోర్డు వరస, ఒక మనిషి ఊపిరి, అంతే. హెడ్‌ఫోన్స్‌లో వినండి, గొంతు చెవి పక్కనే ఉంటుంది. ఒక పెద్ద హాల్లో పాడుతున్న భావన ఎక్కడా రాదు. బట్టల అల్మారాలో ఇరుక్కుని పాడుతున్నట్టే. టిమ్ పోప్ తీసిన వీడియోలో కూడా అదే కదా, ఐదుగుర్నీ అల్మారాలో కుక్కి బీచీ హెడ్ కొండ అంచునుంచి సముద్రంలోకి తోసేశాడు. సంతోషం పట్టలేక చేసిన పాట అనుకుంటున్నారా అది?

అమ్ముడుపోవడం అంటున్నారు కాబట్టి లెక్క కూడా చూద్దాం. బ్రిటన్ ఆల్బమ్ చార్టులో ‘పోర్నోగ్రఫీ’ 8వ స్థానం దాకా వెళ్ళింది. ‘ద హెడ్ ఆన్ ద డోర్’? 7. ఒక్క స్థానం కోసం అమ్ముడుపోయాడంటే అంత చవక బేరం ఈ భూమ్మీద ఇంకోటి లేదు.

మిరపకాయ_బజ్జీ:
మొదలైంది. ఎవరైనా టీ పెట్టండి.

మాంచెస్టర్_మావయ్య:
‘ఇన్ బిట్వీన్ డేస్’ వింటే అచ్చం న్యూ ఆర్డర్ పాటలా లేదూ?

రేగడి_రాక్:
బాబ్జీ గారూ, ఆల్బమ్‌లో లేకపోతే ఏంటండీ? సింగిల్లో పెట్టాడా లేదా? రేడియోకి వెళ్ళేది సింగిల్, టీవీకి వెళ్ళేది సింగిల్, జనం కొనేది సింగిల్. ఆల్బమ్‌లో ఊపిరి పెట్టి, బజారుకి పంపేటప్పుడు బాకాలు తగిలించాడు. నేను మొదట్నుంచీ చెప్తున్నది అదే, మీరే నిరూపించారు. ధన్యవాదాలు.

బ్రిటన్ లెక్క చెప్పి అమెరికా దాటేశారేం? అక్కడ ‘ద హెడ్ ఆన్ ద డోర్’ 59వ స్థానం దాకా వెళ్ళింది. అంతకుముందు వీళ్ళ ఏ ఆల్బమూ ఆ దరిదాపులకి పోలేదు. గురి ఎటు పెట్టాడో తెలియట్లేదా? ‘ఎ నైట్ లైక్ దిస్’లో ఆ శాక్సఫోన్ సోలో ఎవరి కోసం? 1985లో అమెరికన్ ఎఫ్‌ఎం స్టేషన్ల కోసం కాకపోతే?

బేస్_బాబ్జీ:
శాక్సఫోన్ నాకూ అక్కర్లేదు, ఆ ఒక్క ముక్క తీసుకోండి. కానీ నేను ఆల్బమ్ గురించి మాట్లాడుతుంటే మీరు సింగిల్ గురించి మాట్లాడుతున్నారు. అడిగిన కుర్రాడు ఆల్బమ్ విన్నాడు. ఆల్బమ్‌లో బాకాలు లేవు. ఇది అభిప్రాయం కాదు గురూ, పెట్టుకుని వింటే తెలిసిపోయేది.

సరే, పాటల్లోకి రండి. ‘పుష్’ తీసుకోండి. పాట సగానికి వచ్చేదాకా గొంతే రాదు. గిటార్లు, డ్రమ్ములు, మళ్ళీ గిటార్లు. రేడియోకి అమ్మాలనుకున్నవాడు ఎవడైనా అంతసేపు నోరు మూసుకుని కూచుంటాడా? ‘క్యోటో సాంగ్’ మొదలవడమే పీడకల, చావు. ‘సిక్స్ డిఫరెంట్ వేస్’ ఆరు లెక్కలో నడుస్తుంది. అందులో పియానో వరస స్మిత్ ‘సూక్సీ అండ్ ద బ్యాన్షీస్’ అనే ఇంకో బ్యాండ్‌లో ఉన్నప్పుడు ‘స్విమ్మింగ్ హార్సెస్’కి వాయించిన దాన్నుంచి తెచ్చుకున్నాడు. ‘ద బ్లడ్’ ఒక పోర్చుగీసు వైన్ నుంచి పుట్టిన పాట, అందులో గిటార్ స్పెయిన్ వాటం. ‘స్క్రూ’లో బేస్ బొంగురుపోయి ఉరుముతుంది. ఇక ఆఖర్న ‘సింకింగ్’. దాన్ని తీసుకెళ్ళి ‘ఫెయిత్’ రెండో వైపు చివర పెడితే మీరే గుర్తుపట్టలేరు.

బేస్ వాయించేవాణ్ణి కాబట్టి ఇంకో మాట. మీరే అన్నారు గాలప్ కొట్టుకుని వెళ్ళిపోయాడని. మళ్ళీ కలిసింది ఈ ఆల్బమ్‌కే. థాంప్సన్ ట్విన్స్‌తో వాయించిన బోరిస్ విలియమ్స్ డ్రమ్స్‌కి వచ్చాడు. పోర్ల్ థాంప్సన్ గిటార్‌కి, టోల్‌హర్స్ట్ కీబోర్డుకి. ఐదుగురు ఒక గదిలో కూచుని వాయిస్తే వచ్చే చప్పుడు అది. కొట్టుకున్నవాళ్ళు రాజీపడి చేసిన ఆల్బమ్‌ని పట్టుకుని రాజీపడ్డారు అని తిడుతున్నారు మీరు.

మాంచెస్టర్_మావయ్య:
ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి మళ్ళీ అడుగుతున్నా. గాయకుడు ఇయన్ కర్టిస్ చనిపోయాక జాయ్ డివిజన్‌లో మిగిలినవాళ్ళు న్యూ ఆర్డర్ పెట్టి, 1983లో ‘బ్లూ మండే’ చేస్తే క్లబ్బుల్లో జనం ఎగిరారు. వాళ్ళని ఎవరూ అమ్ముడుపోయారనరు. స్మిత్ చేస్తే మాత్రం నేరం. ఎందుకూ?

డల్లాస్_దాసు:
అమ్ముడుపోయేవాడైతే 2023 అమెరికా టూర్లో 20 డాలర్ల టికెట్లు పెట్టడు. టికెట్ ధరకంటే ఫీజులు ఎక్కువైపోయాయని జనం గోలపెడితే, టికెట్లమ్మే సంస్థతో బహిరంగంగా వాదించి కొంత డబ్బు వెనక్కి ఇప్పించాడు. ఇంకెవరైనా చేశారా ఆ పని?

రేగడి_రాక్:
2023లో టికెట్ సంగతి 1985లో బాకాలకి జవాబు కాదు దాసు గారూ.

మారేడ్‌పల్లి_మంజుల:
పొద్దుగాల నుంచి చూస్తున్న. మీరిద్దరు బాకాలున్నయా లేవా అని లొల్లి పెట్టుకుంటున్నరు గని, మాటలు ఎవరన్న విన్నరా? ‘ఇన్ బిట్వీన్ డేస్’ మొదటి మాటే ముసలితనం, చావు. కింద గిటార్ ఉరుకుతనే ఉంటది, పైన మనిషి కూలిపోతనే ఉంటడు. నాకైతే అదే ఆ పాటల మజా.

ఇంగ ‘క్లోజ్ టు మీ’. ఆల్బమ్ పేరు ఆ పాటలకెల్లే వచ్చింది. స్మిత్ చెప్పిన ముచ్చటేందంటే, చిన్నప్పుడు ఆటలమ్మ పోసి మంచంల పడ్డప్పుడు తలుపు మీద ఒక తల కనపడేదట, ఇకిలించుకుంట. జ్వరంల వచ్చే భ్రమ. నాకు చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు అమ్మమ్మ పక్కల యాపమండలు పరిచి, చీకటి అర్రల పండవెట్టింది. దూలం మీద ఏదో పాకుతున్నట్టు అనిపించేది. ఆ పాటల ఊపిరి విన్నప్పుడల్లా నాకు ఆ అర్రే యాదికొస్తది. దాన్ని పట్టుకొని పెండ్లి బ్యాండ్ అంటున్నరు అన్న.

రేగడి_రాక్:
మంజుల గారూ, మాటలు విషాదమని నాకూ తెలుసు. అదే నా అభ్యంతరం. విషాదాన్ని విషాదంలా ఇవ్వకుండా, కింద ఉషారు దరువు పెట్టి, నోటికి చేదు తగలకుండా ఇవ్వడం. ‘ఫెయిత్’లో పాటకీ మాటకీ మధ్య తేడా లేదు. మనిషి నెమ్మదిగా ఉంటే పాటా నెమ్మదిగానే ఉంది. 85లో రెండూ విడిపోయాయి. వినేవాడు మాట వదిలేసి దరువుకి కాలాడించవచ్చు. ఆ వెసులుబాటు ఇవ్వడాన్నే నేను పాప్ అంటాను.

బేస్_బాబ్జీ:
కాలాడించేవాడికి బాధ ఉండదని మీకెవరు చెప్పారు?

రేగడి_రాక్:
బాబ్జీ గారూ, మీరు ఆర్కెస్ట్రాలో వాయిస్తారని ఇంతకుముందు ఒక చర్చలో రాశారు. ఎవరొచ్చి ఏది అడిగితే అది వాయించడం మీ వృత్తి. తప్పనట్లేదు. కానీ అలాంటివాళ్ళకి ‘పోర్నోగ్రఫీ’కీ ‘లవ్‌క్యాట్స్’కీ తేడా తెలియకపోవడంలో వింతేం లేదు. రెండూ ఐటమ్సే కదా.

మిరపకాయ_బజ్జీ:
అయ్యయ్యో.

బేస్_బాబ్జీ:
ఓహో. అక్కడికొచ్చామా.

విను రేగడీ. అవును, పెళ్ళిళ్ళలో వాయిస్తాను. భీమిలి రోడ్డు ఫంక్షన్ హాళ్ళలో నేను వాయించని స్టేజీ లేదు. రాత్రి ఒంటి గంటకి యాంప్లిఫయర్ ఆటోలో వేసుకుని ఇంటికొస్తాను. ఆ డబ్బుతోనే స్ట్రింగ్స్ కొన్నాను, ఆ డబ్బుతోనే ‘పోర్నోగ్రఫీ’ కూడా కొన్నాను. కాలేజీలో మాకో బ్యాండ్ ఉండేది. నేను శనివారాలు ఆర్కెస్ట్రాకి వెళ్తున్నానని తెలిసి, ఫెస్టుకి రెండ్రోజుల ముందు పోస్టర్లో నా పేరు కొట్టేశారు. ‘కమర్షియల్‌గాడు మనకొద్దు’ అన్నారు. ఆ మాట అన్నవాడే కొన్నేళ్ళ తర్వాత తన చెల్లెలి పెళ్ళికి ఫోన్ చేసి, ‘మనోడివి కదా, రేటు కాస్త చూసుకో’ అన్నాడు. వెళ్ళి వాయించాను. బాగా వాయించాను.

‘అమ్ముడుపోయాడు’ అనే మాట మీలాంటివాళ్ళకి పాటల గురించి మాట. నాకు కాదు. పాటతో పొట్ట నింపుకునేవాణ్ణి నిలబెట్టి మొహమ్మీద అనే మాట అది. స్మిత్ కూడా పొట్ట నింపుకున్నాడు. క్రాలీ అనే చిన్న ఊరి కుర్రాడు, పాట తప్ప ఇంకో పని నేర్చుకోనివాడు. ‘పోర్నోగ్రఫీ’ తర్వాత బ్యాండే లేదు. ఏం చేసుండాలి, పస్తులుండాలా?

ఇంకో సంగతి. మీ ‘పోర్నోగ్రఫీ’ని బ్యాండ్‌తో కలిసి ప్రొడ్యూస్ చేసిన ఫిల్ థోర్నలీ ఎవరో తెలుసా? ‘లవ్‌క్యాట్స్’లో బేస్ వాయించిందీ ఆయనే. తర్వాత ‘టోర్న్’ అనే పాట రాసినవాళ్ళలో ఒకడు. అదే, నటాలీ ఇంబ్రూలియా పాడితే ప్రపంచమంతా మోగింది. నీకు పవిత్రమైన ఆల్బమ్ అలాంటి చేతుల్లోంచే వచ్చింది. పాప్ తెలిసిన చేతులు.

మోడరేటర్:
వ్యక్తిగత వృత్తుల జోలికి వెళ్ళొద్దు. ఇంకోసారి జరిగితే చర్చ మూసేస్తాను. ‘నువ్వు’, ‘మీరు’ కూడా చూసుకుని వాడండి.

చిన్నోడు99:
అన్నలూ, నా వల్ల గొడవైనట్టుంది. నేను వినడం ఆపేయాలా ఏంటి 🙂

ఫ్రైడే_ఫ్యాన్:
‘ఫ్రైడే అయామ్ ఇన్ లవ్’ ఈ ఆల్బమ్‌లోదేనా? 92లో స్టార్ టీవీలో ఎంటీవీ వచ్చిన రోజుల్లో చూశా. ఆయన జుట్టు చూసి మా నాయనమ్మ దిష్టి తీయమంది.

బేస్_బాబ్జీ:
కాదండీ, అది ‘విష్’ ఆల్బమ్, 1992.

రేగడి_రాక్:
వృత్తి మాట తీసినందుకు మోడరేటర్ మందలించారు, సరే. ఇంక నా సంగతి చెప్తాను, తర్వాత ఎవరేమన్నా అనుకోండి.

ఇంజినీరింగ్ సెకండియర్లో సబ్జెక్టులు పోయాయి. ఒకటీ రెండూ కాదు. ఇంటికి ఫోన్ చేసే మొహం లేదు, మెస్సుకి వెళ్తే ఎవరో ఒకరు అడుగుతారని భయం. గదిలో పడుకునేవాణ్ణి. మా సీనియర్ ఒకాయన తొంభై నిమిషాల కాసెట్ మీద ఒక వైపు ‘ఫెయిత్’, ఇంకో వైపు ‘పోర్నోగ్రఫీ’ రికార్డు చేసి ఇచ్చాడు. ఆ పేరు లేబుల్ మీద రాస్తే వార్డెన్ ఊరుకోడని ‘పి’ అని మాత్రం రాసుకున్నా. ఆ కాసెట్ అరిగిపోయేదాకా విన్నాను. అందులో ఎవరూ నాకు ధైర్యం చెప్పలేదు. అంతా సర్దుకుంటుందనలేదు. అదే కావాల్సొచ్చింది నాకు. చదువుకోరా, లేవరా, తినరా అని చెప్పేవాళ్ళు బయట చాలామంది ఉన్నారు.

నా రూమ్మేట్ ఒకరోజు ‘ద హెడ్ ఆన్ ద డోర్’ తెచ్చాడు. నలుగురైదుగురు గదిలో ఉన్నారు. ‘ఇన్ బిట్వీన్ డేస్’ పెట్టి, సౌండ్ పెంచి, ‘చూడరా, నీ దేవుడే లేచి స్నానం చేసి బయటికొచ్చాడు, నువ్వెప్పుడు లేస్తావు?’ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటా. ఆ గిటార్ ఎప్పుడు వినపడ్డా ముందు ఆ నవ్వులు వినపడతాయి నాకు.

బాబ్జీ గారూ, మిమ్మల్ని పోస్టర్లోంచి కొట్టేసినవాళ్ళలో నన్ను కలపకండి. నేను పోస్టర్ దాకా కూడా రాలేదు.

మారేడ్‌పల్లి_మంజుల:
అన్నా, ఏమనుకోకు, ఒకటి చెప్తా. నీ పంచాయితీ బాకాలతోని కాదు, అమెరికాతోని కాదు. స్మిత్ బాగుపడిండు, అదే నీ కోపం. చీకట్ల పక్కన కూసున్నోడు చెప్పకుండ లేచిపోయిండని.

గని ఆయన బాగుపడొద్దా? పోర్నోగ్రఫీ టైములో ఆయన ఎట్లున్నడో అందరం చదివినం, తాగుడు, మత్తు, కొట్లాటలు. మనకు మంచిగ అనిపించే పాట కోసం ఆయన ఆ అర్రలనే ఉండాల్నా? వినేటోనికి అంత హక్కు ఉంటదా?

రేగడి_రాక్:
ఉంటుంది.

నేను ఊరికే అనట్లేదు. నా దగ్గర తీసుకున్నది కాసెట్ డబ్బులు మాత్రమే అయితే హక్కు లేదు. రాత్రుళ్ళు తీసుకున్నాడు. నాకున్న ఒక్క తోడు ఆయనే అన్నట్టు పాడాడు. అలా పాడినవాడికి కొంత బాధ్యత ఉంటుంది. బాగుపడొద్దనట్లేదు, పడనీ. ఎలా బాగుపడ్డాడో చెప్పే పాట ఒక్కటైనా ఉందా ఆ ఆల్బమ్‌లో? 82లో గోతిలో ఉన్నాడు, 85లో బయట అల్మారాలో ఆడుకుంటున్నాడు. మధ్యలో దారేది? నేను వెతికింది దారి. అది చూపించకుండా ఫలితం మాత్రం చూపిస్తే, గోతిలో ఉన్నవాడికి అది ఎగతాళిలానే ఉంటుంది. మా రూమ్మేట్ చేసింది అదే, ఆల్బమ్ చేసిందీ అదే.

బేస్_బాబ్జీ:
ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. మీరు మొదటి పోస్టులోనే ఇది రాసుంటే నేను బాకాల గురించి అంత రాసేవాణ్ణి కాదు.

దారి ఉంది. మీరు చూడలేదంటే ‘ద టాప్’ (1984) వినలేదు, లేదా సగంలో ఆపేశారు. చాలామంది ఆపేస్తారు, అతుకుల బొంత ఆల్బమ్. అప్పుడు స్మిత్ బ్యాన్షీస్‌లో గిటార్ వాయిస్తున్నాడు, అదే బ్యాండ్ బేసిస్టు స్టీవ్ సెవరిన్‌తో కలిసి ‘ద గ్లవ్’ పేరుతో ఇంకో ఆల్బమ్ చేసి ఉన్నాడు. ఇక్కడ క్యూర్ కోసం డ్రమ్స్ మినహా దాదాపు అన్నీ తనే వాయించుకుంటున్నాడు. ఒంట్లో శక్తి అయిపోయి 84లో బ్యాన్షీస్‌నుంచి తప్పుకున్నాడు. ‘ద టాప్’లో ఒక పాట కోపం, ఒక పాట వెర్రి, ఒక పాట పసిపిల్లల ఆట. ఏ దారిన పోవాలో తెలియక ప్రతి తలుపూ తట్టినవాడి రికార్డు అది. బాగుపడటం అలాగే ఉంటుంది బాస్, అందంగా ఉండదు. ‘లవ్‌క్యాట్స్’ కూడా నాకు అలాగే వినిపిస్తుంది. వెర్రివేషం వేసుకునైనా సరే ఆ గదిలోంచి బయటపడాలనుకున్నవాడిలా.

ఇంకా ఒకటి. ఆయన లేచి వెళ్ళిపోయాడంటున్నారు. ఎక్కడికి వెళ్ళాడు? ‘ద హెడ్ ఆన్ ద డోర్’ని స్మిత్‌తో కలిసి ప్రొడ్యూస్ చేసిన డేవిడ్ ఎం. అలెన్, అదే స్మిత్, 1989లో ‘డిసింటిగ్రేషన్’ చేశారు. చేతులు అవే, చీకటి అదే. ఇది కొంప ముంచే పని అని రికార్డు కంపెనీ అనుకుందని స్మిత్ చెప్పాడు. తీరా చూస్తే అదే లక్షల్లో అమ్ముడైంది. అందులోంచి ‘లవ్‌సాంగ్’ అమెరికాలో 2వ స్థానం దాకా వెళ్ళింది. అంటే మీ లెక్క ప్రకారం అసలు అమ్ముడుపోయింది చీకటే.

రేగడి_రాక్:
‘డిసింటిగ్రేషన్’ మీద నాకు గొడవ లేదు. అది తిరిగి రావడం. తిరిగి రావాల్సొచ్చిందంటేనే మధ్యలో వెళ్ళాడని కదా?

2002లో బెర్లిన్‌లో మూడు ఆల్బమ్‌లు మొదట్నుంచి చివరిదాకా వరసగా వాయించారు. ఏవో చెప్పండి. ‘పోర్నోగ్రఫీ’, ‘డిసింటిగ్రేషన్’, ‘బ్లడ్‌ఫ్లవర్స్’. ‘ట్రిలజీ’ పేరుతో వీడియో కూడా వచ్చింది. ‘ద హెడ్ ఆన్ ద డోర్’ ఆ మూడింట్లో లేదు. ఏది తన అసలు పనో ఆయనే ఎంచుకున్నాడు, నేను కాదు. 2024లో వచ్చిన ‘సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్’ చూడండి. అరవై ఐదేళ్ళ వయసులో మళ్ళీ అక్కడికే వచ్చాడు. బ్రిటన్‌లో 1వ స్థానం. పాప్ వేషాలు లేకుండా.

మాంచెస్టర్_మావయ్య:
న్యూ ఆర్డర్ గురించి ఎవరూ జవాబివ్వరన్నమాట.

మారేడ్‌పల్లి_మంజుల:
మామా, న్యూ ఆర్డర్ల పాత పాటగాడు లేడు. పోయిండు. అందుకనే వాళ్ళను ఎవరూ నిలదీయలే. స్మిత్ బతికే ఉన్నడు, అదే ఆయన నేరం.

డల్లాస్_దాసు:
ఈ మాట పిన్ చేయండి ఎవరైనా.

బేస్_బాబ్జీ:
రేగడి గారూ, బెర్లిన్ మీరు చెప్పారు కాబట్టి నేను ఆరెంజ్ చెప్తాను. 1986 ఆగస్టు, ఫ్రాన్స్‌లో ఆరెంజ్ అనే ఊళ్ళో రోమన్ల కాలంనాటి రంగస్థలం. టిమ్ పోప్ సినిమాగా తీశాడు. స్మిత్ జుట్టు కురచగా కత్తిరించుకుని ఉంటాడు, ఆ కాకిగూడు లేదు. ఈ ఆల్బమ్ వచ్చిన ఏడాదికి. ఆ రాత్రి ‘పుష్’ ఉంది, ‘వన్ హండ్రెడ్ ఇయర్స్’ కూడా ఉంది. ‘క్లోజ్ టు మీ’ ఉంది, ‘ఫెయిత్’ కూడా ఉంది. అదే ఐదుగురు, అదే బట్టలు. ‘వన్ హండ్రెడ్ ఇయర్స్’ మొదలైనప్పుడు గాలప్‌ని చూడండి, బేస్ మోకాళ్ళ దాకా దించి ఉంటాడు. నాలుగేళ్ళ కిందట ఈ పాటలు పాడుతూనే వీళ్ళిద్దరూ కొట్టుకున్నారు. ఇప్పుడు అదే పాటని కొట్టుకోకుండా వాయించి, ఇంటికెళ్ళి పడుకోగలుగుతున్నారు. మీరడిగిన దారి నాకు అక్కడ కనపడింది. పాత పాటని వదిలేయలేదు, దాన్ని మోస్తూ బతకడం నేర్చుకున్నారు.

మీ రూమ్మేట్ వెధవ. ఆ తప్పు ఆల్బమ్‌ది కాదు.

రేగడి_రాక్:
రూమ్మేట్ వెధవ అన్న సంగతిలో మనిద్దరికీ భేదం లేదు.

ఆరెంజ్ చూశాను, చాలాకాలం కిందట, ఎవరో కాపీ కొట్టిన వీడియో టేపు మీద. సగం రంగులు పోయి ఉన్నాయి. అందులో ‘సింకింగ్’ నాకు గుర్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ మందగిస్తున్నాను అని పాడే పాట, నిలబడి కదలకుండా పాడతాడు. అది ‘ఫెయిత్’లో ఉండాల్సిన పాట అని మీరన్నది నిజమే, నేనెప్పుడూ కాదనలేదు. కానీ అది ఆల్బమ్ చివర్లో పదో పాట. రూమ్మేట్ అక్కడిదాకా రానివ్వలేదు, రెండో పాటకే టేపు తీసి సినిమా పాటలు పెట్టాడు.

పదిలో ఒకటి మీకిస్తాను. మిగతా తొమ్మిది మీద నా మాట నాదే.

బేస్_బాబ్జీ:
ఎనిమిది. ‘క్యోటో సాంగ్’ కూడా తీసెయ్యండి.

రేగడి_రాక్:
‘క్యోటో సాంగ్’లో ఆ జపాన్ సంగీతం అనుకరణ ఉంది చూశారూ, దాని సంగతి వేరే ఉంది. రేపు తీరిగ్గా రాస్తాను. ఈలోగా చిన్నోడా, నువ్వు ‘ఫెయిత్’ విను. రాత్రిపూట విను, ఫోన్ పక్కన పెట్టి.

బేస్_బాబ్జీ:
ముందు ‘ద టాప్’ విను తమ్ముడూ. పగలే విను, పర్లేదు.